మా టీచర్ చెప్పలేదమ్మా, నేనే చూశాను

(సాయంత్రం చదువు కేంద్రంలో ఒక వాలంటీరు టీచర్ మాట్లాడిన మాటలు)



పగలంతా పనిచేసి వచ్చారు. పొయ్యి మీద కూర దించి పరుగున వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకని మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నేను డి.ఎడ్. చదివాను. మన బడిలో వాలంటీరుగా 6, 7 తరగతుల పిల్లలకు సైన్సు చెబుతున్నాను. మీలో కొంతమంది నన్ను దారిలో ఆపి అడిగారు. "ఏంటమ్మా టీచరూ, మా పిల్ల బడికి నిమ్మకాయ పట్టుకుపోతుంది. అగ్గిపుల్లలు పట్టుకుపోతుంది. నోట్సు చూస్తే నాలుగు గీతలు, రెండు బొమ్మలు. చదువెక్కడ?" అని అడిగారు. అడగటం మంచిదే. బడికి పంపేది మీరు. అడిగే హక్కు మీది.

ఆ ప్రశ్నకు నేను నా మాటలతో జవాబు చెప్పను. పిల్లల మాటలు చెబుతాను. వాళ్ళు ఏం చేశారు, ఏం అనుకున్నారు, ఎక్కడ చిక్కుపడ్డారు, అది చెబుతాను. వాళ్ళు అన్న మాటలు నేను రాసి పెట్టుకున్నాను.

ముందు ఒక మాట. 6వ తరగతి పిల్లలను "సైన్సు అంటే ఏంటి?" అని అడిగాను. ఒక పిల్లవాడు లేచి, "సైన్సు అంటే ప్రశ్నలు–జవాబులు" అన్నాడు. "ఎవరి ప్రశ్నలు?" అన్నాను. "పుస్తకం ప్రశ్నలు" అన్నాడు. "జవాబులు?" "అవి కూడా పుస్తకంవే." మరి నువ్వేం చేస్తావు అంటే, "నేను చూసి రాస్తాను" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. వాడికి అప్పటిదాకా ఎదురైంది అదే.

ఇప్పుడు సీసా సంగతి చెబుతాను. ఇది కొంచెం పెద్ద కథ.

వానాకాలం మొదలైంది. ఊళ్ళో జ్వరాలు. పుస్తకంలో దోమల పాఠం ఉంది. "దోమలు నిలవ నీటిలో గుడ్లు పెడతాయి" అని ఒక వాక్యం. పిల్లలు ఆ వాక్యాన్ని గడగడా చదివేశారు. "మీరు చూశారా?" అన్నాను. ఎవరూ చూడలేదు. "దోమ పిల్ల ఎట్లా ఉంటుంది?" అంటే ఒక పిల్ల వేలి కొన చూపించి, "దోమలాగే, కానీ ఇంత చిన్నగా" అన్నది. అందరూ తల ఊపారు. కోడిపిల్ల కోడిలా ఉంటుంది. మేకపిల్ల మేకలా ఉంటుంది. మరి దోమ పిల్ల దోమలా ఉండదా? వాళ్ళ లెక్క వాళ్ళకు ఉంది. పిల్లల బుర్ర ఖాళీ కుండ కాదక్కా. అందులో ముందే ఏదో ఒక లెక్క ఉంటుంది.

"మీ ఇళ్ళల్లో నీళ్ళున్న చోటల్లా చూసి రండి. ఏం కనబడినా గాజు సీసాలో తీసుకురండి" అన్నాను. మర్నాడు 9 సీసాలు వచ్చాయి. బావి నీళ్ళు, గేదెల కుడితి తొట్టి నీళ్ళు, పాత టైరులో నిలిచిన నీళ్ళు, పూలకుండీ కింద పళ్ళెంలో నీళ్ళు. 4 సీసాల్లో సన్నటి పురుగులు ఉన్నాయి. జిలజిలా కదులుతున్నాయి. కదలనప్పుడు తల కిందికి, తోక పైకి పెట్టి వేలాడుతున్నాయి.

"ఇవి నీళ్ళ పురుగులు" అన్నారు పిల్లలు. నేను ఔననలేదు, కాదనలేదు. సీసాల మూతికి పలచటి గుడ్డ వేసి దారంతో గట్టిగా కట్టించాను. రోజూ చూసి రాయమన్నాను.

ఒక పిల్ల రాసిన నోట్సు చదువుతాను వినండి. "మొదటి రోజు: పురుగులు 12. తోకతో ఊపిరి పీలుస్తున్నట్టు ఉంది. సీసా కదిపితే కిందికి పారిపోతాయి. మళ్ళీ పైకి వస్తాయి. మూడో రోజు: కొన్ని వంకర తిరిగాయి. కామా లాగా ఉన్నాయి. ఐదో రోజు: కామాలు 7. పురుగులు 5. ఆరో రోజు: తెల్లారి వచ్చి చూస్తే సీసాలో గుడ్డకు 3 దోమలు వాలి ఉన్నాయి. నీళ్ళ మీద తోలు లాంటిది తేలుతోంది."

కామా అంటే మీకు తెలుసు. చదివేటప్పుడు కొంచెం ఆగమని పెడతారే, ఆ గుర్తు. ఆ పిల్లకు ఎవరూ ఆ పోలిక నేర్పలేదు. కంటికి అట్లా కనబడింది, రాసింది. ఆ పురుగును లార్వా అంటారని, కామాను ప్యూపా అంటారని నేను తర్వాత చెప్పాను. వస్తువు ముందు చూశారు, పేరు వెనక వచ్చింది. ఇప్పుడు ఆ పేర్లు ఎవరూ మర్చిపోరు.

కొబ్బరినూనె ఒక చుక్క ఒక సీసాలో వేసి చూశారు. నూనె నీటి మీద పొరలా పరుచుకుంది. పురుగుల తోకకు గాలి అందలేదు. కొంతసేపటికి చచ్చి కిందికి దిగాయి. మురికి గుంటల్లో నూనె ఎందుకు పోస్తారో అప్పుడు తెలిసింది. మిగిలిన సీసాలను మూత విప్పకుండా రోజంతా ఎండలో పెట్టి, అన్నీ చచ్చాక పారబోశాం. ఇది చెప్పకపోతే మీరు అడుగుతారు కదా, దోమలను పెంచి ఊరి మీదికి వదిలావా అని!

కథ ఇక్కడితో అయిపోలేదు.

ఆ నోట్సు రాసిన పిల్ల ఇంటికి పోయింది. వాళ్ళ ఇంట్లో సిమెంటు తొట్టి ఉంది. చూస్తే అవే పురుగులు. తొట్టి అడుగున బిరడా లాగేసింది. నీళ్ళన్నీ పోయాయి. మన వీధిలో పంపు రోజు విడిచి రోజు వస్తుంది. వాళ్ళమ్మ గంటసేపు వరుసలో నిలబడి, బిందె బిందె మోసి నింపిన తొట్టి అది. పొలం నుంచి వచ్చి చూసింది. కాళ్ళు కడుక్కోవటానికి కూడా నీళ్ళు లేవు. పిల్లకు నాలుగు తగిలించింది.

మర్నాడు పొద్దున్నే బడికి వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. "టీచరమ్మా, నువ్వు చెప్పే చదువు ఇదైతే మాకొద్దు. నాతోబాటు కలుపుకు తీసుకుపోతా. రోజుకింత కూలన్నా వస్తుంది" అన్నది.

ఆ అక్క కోపం అన్యాయమని నేను అనను. నీళ్ళు మోసిన నడుముకే దాని విలువ తెలుస్తుంది. నేను మాట్లాడబోతుంటే పిల్లే మాట్లాడింది. ఏడుస్తూనే బెంచీ మీద సీసా తెచ్చి వాళ్ళమ్మకు చూపించింది. సీసాలో పురుగులు, కామాలు, గుడ్డకు వాలిన దోమలు, మూడూ ఉన్నాయి.

"ఇవి నీళ్ళ పురుగులే. మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. ఏం చేస్తాయి?" అన్నది తల్లి.

"ఇవే దోమలవుతాయమ్మా. మా టీచర్ చెప్పలేదమ్మా, నేనే చూశాను" అన్నది పిల్ల.

ఆ తల్లి సీసాను వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆమె అన్న మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "అయితే మాత్రం పారబొయ్యాలా? పాత చీర గుడ్డ మడతేసి వడకట్టుకుంటే పోదా?" అన్నది.

చూశారా? దోమల పాఠంలో నీళ్ళు పారబోయమని ఉంటుంది. నీళ్ళు దొరకని ఊరి సంగతి ఆ పాఠానికి తెలియదు. తల్లికి తెలుసు.

సరే, వడకట్టారు. అయినా నాలుగైదు రోజులకు తొట్లో మళ్ళీ పురుగులు కనబడ్డాయి. పిల్ల బడికి వచ్చి చెప్పింది. క్లాసులో గోల మొదలైంది. ఒకడు, "గుడ్డలోంచి దూరి వచ్చాయి" అన్నాడు. ఒక పిల్ల, "మళ్ళీ దోమ వచ్చి గుడ్లు పెట్టింది" అన్నది. ఇంకొకరు, "తొట్టి గోడలకే ఏదో ఉంది" అన్నారు. ఇందులో ఏది నిజమో ఎట్లా తేలుతుంది? ఓట్లు వేస్తే తేలదు. టీచర్ చెబితే తేలుతుంది కానీ, అది వాళ్ళు తేల్చినట్టు కాదు.

వాళ్ళే ఒక ఉపాయం చేశారు. ఇంట్లో చాలా రోజులు నీళ్ళు నిలవ ఉన్న బక్కెట్లు రెండు తెచ్చారు. ఒకదాన్ని కొబ్బరి పీచుతో లోపల గోడలన్నీ రుద్ది, కడిగారు. రెండోదాన్ని రుద్దలేదు. రెండింటిలో వడకట్టిన నీళ్ళు పోశారు. రెండింటికీ గుడ్డ కట్టారు. గుడ్డ ఉంది కాబట్టి కొత్త దోమ రాదు. నీళ్ళు ఒకటే కాబట్టి తేడా వస్తే అది గోడల వల్లే రావాలి.

నాలుగు రోజుల తర్వాత రుద్దని బక్కెట్లో పురుగులు వచ్చాయి. రుద్దిన దాంట్లో ఒక్కటీ లేదు.

డెంగీ జ్వరం తెచ్చే దోమ ఒకటి ఉంది. ఒంటి మీద, కాళ్ళ మీద తెల్ల చారలు ఉంటాయి. అది పగలు కుడుతుంది. మురుగులో కాదు, మన తొట్లలో, డ్రమ్ముల్లో ఉండే మంచి నీళ్ళలోనే పెరుగుతుంది. గుడ్లను నీటి అంచున గోడకు అంటిస్తుంది. తొట్టి ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగలగానే పగులుతాయి. గుడ్డు నుంచి దోమ కావటానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి శుక్రవారం నాడు తొట్లు ఖాళీచేసి ఎండబెట్టమని ఆరోగ్య శాఖవాళ్ళు "డ్రై డే" పెట్టారు. ఇది వింటే "ఎందుకొచ్చిన గోల" అనుకుంటాం. బక్కెట్టు చూసినవాళ్ళు అట్లా అనుకోరు.

ఆ అక్క ఇప్పుడు శుక్రవారం శుక్రవారం తొట్లో నీళ్ళు గుడ్డతో వడకట్టి బిందెల్లో పోసుకుంటుంది. తొట్టి గోడలు పీచుతో రుద్దుతుంది. మూతకు పాత గోనె వేస్తుంది. పిల్ల బడికి వస్తోంది. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు మాత్రం ఆదివారాలు వాళ్ళమ్మ వెంట వెళుతుంది. అది నేను ఆపలేను. ఆ ఇంటి లెక్క వేరే.

ఇక నిమ్మకాయ సంగతి.

పసుపు మరక పడిన చీరకు సబ్బు పెడితే ఏమవుతుంది? ఎర్రబడుతుంది. ఈ సంగతి మీకు తెలియంది కాదు. పసుపులో సున్నం కలిపితే పారాణి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు కూడా అవే. బడిలో పిల్లలు కాగితానికి తడి పసుపు రాసి ఆరబెట్టారు. దాని మీద సున్నపు తేట చుక్క వేశారు. ఎర్రగా అయింది. సబ్బు నీళ్ళకూ ఎర్రబడింది. నిమ్మరసం, చింతపండు రసం, మజ్జిగ వేస్తే ఏమీ కాలేదు. కానీ ఎర్రబడిన చోట నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగు వచ్చింది. ఇట్లా ఇంట్లో వస్తువులన్నీ రెండు జట్లు చేశారు. పులుపు జట్టును ఆమ్లాలు అంటారు. సున్నం, సబ్బు జట్టును క్షారాలు అంటారు. పుస్తకంలో ఆ పాఠం పేరే ఆమ్లాలు–క్షారాలు.

ఒక పిల్లవాడు ఇంటికి పోయి వాళ్ళ నాయనమ్మ ముందు ఆట ఆడాడు. అరచేతికి పసుపు రాసుకున్నాడు. సున్నపు తేటలో ముంచిన నిమ్మకాయ చేత్తో పట్టి పిసికాడు. ఎర్రటి నీళ్ళు కారాయి. నాయనమ్మ చెంపలు వేసుకున్నది. ఎందుకంటే ఒకప్పుడు ఇంటికి వచ్చిన ఒకాయన ఇదే చూపించి, ఇంట్లో చెడు ఉందని చెప్పి, కోడినీ, డబ్బునూ పట్టుకుపోయాడట. పిల్లవాడు మర్నాడు బడిలో ఈ సంగతి చెబుతూ, "మా నాయనమ్మ ముందు నన్ను తిట్టింది. తర్వాత మళ్ళీ చెయ్యమన్నది. తర్వాత తనే చేసింది" అన్నాడు. ఆ పెద్దామె ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు. పేరు చెప్పను.

పిల్లలు చేసి నేర్చుకోవాలన్న ఈ మాట నాది కాదు. చాలా ఏళ్ళ నాటిది. మధ్యప్రదేశ్ లో నర్మదా నది ఒడ్డున హోషంగాబాద్ అని ఒక జిల్లా ఉంది. 2022లో పేరు నర్మదాపురం అని మార్చారు. అక్కడ 1972లో 16 పల్లెటూరి బడుల్లో కొత్త పద్ధతిలో సైన్సు మొదలుపెట్టారు. కిశోర్ భారతి అనే సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థ దీన్ని మొదలుపెట్టాయి. ఢిల్లీ యూనివర్సిటీ నుంచి, బొంబాయి టాటా పరిశోధన సంస్థ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చున్నారు. 1978లో జిల్లా అంతటికీ వచ్చింది. 1982లో ఏకలవ్య అనే సంస్థ ఏర్పడి ఆ పని నడిపింది.

అక్కడ పిల్లలు నలుగురు నలుగురు జట్లుగా కూర్చునేవాళ్ళు. వాళ్ళ పుస్తకం పేరు "బాల్ వైజ్ఞానిక్". అంటే బాల శాస్త్రవేత్త. అందులో ఇట్లా చెయ్యండి, ఇది చూడండి అని ఉంటుంది. ప్రశ్నలుంటాయి. జవాబులుండవు. జవాబు పిల్లలే చేసి, చూసి, తగువులాడుకుని రాయాల్సి ఉండేది. సామాన్లు కూడా ఖరీదైనవి కావు. పువ్వును విప్పి చూడటానికి సూది బదులు తుమ్మముల్లు వాడారు. మాడిపోయిన బల్బునే గాజు పాత్రగా చేసుకున్నారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవాళ్ళు. ఎందుకంటే జవాబు పుస్తకంలో దొరకదు. చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది.

నాకు అన్నిటికంటే నచ్చింది సవాలీరామ్. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. సవాలీరామ్ అనే మనిషి నిజంగా లేడు. కల్పించిన పేరు. పిల్లలు తమ ప్రశ్నలను ఉత్తరాలుగా ఆయనకు రాసేవాళ్ళు. పాఠంలో ప్రశ్నలే కాదు, ఏదైనా రాయవచ్చు. ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఆ పేరు మీద జవాబులు వెళ్ళేవి. ఇంటి పేరు, ఊరి పేరు రాసుకుని తన పేరున ఉత్తరం అందుకున్న పిల్లకు ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. మీలో ఒక అక్క మొదటిసారి తన చేత్తో తమ్ముడికి ఉత్తరం రాసి, జవాబు వస్తే పదిమందికి చూపించిందిగా, అట్లా.

1978లోనే పూనాలో లారీల కంపెనీలో పనిచేసే అరవింద్ గుప్తా అనే ఇంజినీరు ఏడాది సెలవు పెట్టి ఆ ఊళ్ళకు వచ్చాడు. సంతలో దొరికే సామానుతో బొమ్మలు చేశాడు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు. అంతే. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులో కూడా ఉన్నాయి.

మీ పిల్లలు అగ్గిపుల్లలు తెచ్చింది దీనికే. మందు గీరేసిన పుల్లలను వాల్వు ట్యూబు ముక్కలతో కలిపితే మూడు పుల్లలతో ముక్కోణం అవుతుంది. నాలుగు పుల్లలతో చదరం అవుతుంది. చదరాన్ని వేలితో నొక్కితే పక్కకు ఒరుగుతుంది. ముక్కోణం ఎంత నొక్కినా ఒరగదు. చదరంలో మూల నుంచి మూలకు ఇంకో పొడుగు పుల్ల పెడితే అదీ ఒరగదు. ఎందుకంటే అందులో రెండు ముక్కోణాలు వచ్చాయి. పిల్లలు అరగంట ఆడారు. ఉన్నట్టుండి ఒక పిల్ల, "టీచర్! మా గేదెల పాక తడికకు నాన్న ఏటవాలుగా వెదురు బద్ద కట్టింది ఇందుకా!" అన్నది. ఇక ఊరంతా ముక్కోణాలే కనబడ్డాయి వాళ్ళకు. పెంకుటింటి కప్పులో, కరెంటు టవర్లో, సైకిల్ ఫ్రేములో. ఆ రోజు ఇంటికి పోవటానికి వాళ్ళకు గంట ఆలస్యమైంది. దారిలో అన్నీ చూసుకుంటూ పోయారట. మీరు తిట్టింది కూడా ఆ రోజే!

హోషంగాబాద్ పని 30 ఏళ్ళు నడిచింది. 15 జిల్లాల్లో 1000కి పైగా బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. దాని మీద చాలా వాదనలు జరిగాయి. కానీ ఆ పుస్తకాల నుంచి, ఆ బొమ్మల నుంచి దేశంలో చాలామంది నేర్చుకున్నారు. మీ పిల్లల సైన్సు పుస్తకం తెరిచి చూడండి. "కృత్యం" అనే మాట ఉంటుంది. చేసి చూడాల్సిన పని అని అర్థం. అది చేయించే తీరిక బడికి ఉందా లేదా అన్నదే అసలు చిక్కు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పద్ధతికి సమయం పడుతుంది. దోమల పాఠం చదివి చెబితే ఒక్క పూట. సీసాలతో చేస్తే మూడు వారాలు పట్టింది. పరీక్షలో మాత్రం "దోమ జీవిత చరిత్ర బొమ్మ గీసి వివరించండి" అని 4 మార్కులే. బట్టీ పట్టినవాడికీ 4, సీసా చూసినవాడికీ 4. మార్కుల కాగితం మీద తేడా కనబడదు. మీరు మార్కులే చూస్తే, నా పని మీకు దండగలా కనబడుతుంది. ఇదేమీ తేలికైన సంగతి కాదు.

ఇంకోటి. అన్నీ చేతులతో తేలవు. బడి ఆవరణలో మీటరు కర్ర పాతి పిల్లలు మధ్యాహ్నం నీడ కొలుస్తున్నారు. 12 దాటాక నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండే సమయం చూసి కొలుస్తారు. జూన్ లో నీడ దక్షిణం వైపు పడింది, 10 సెంటీమీటర్లు దాటింది. ఆగస్టు మొదటి పది రోజుల్లో మబ్బు లేని ఒక రోజు కర్రకు నీడే లేదు! పిల్లలు కేకలు పెట్టారు. డిసెంబరులో చూస్తే నీడ ఉత్తరం వైపు, 80 సెంటీమీటర్ల పైన. "మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కిందికి వస్తుంది అంటారు కదా, రోజూ రాదేం?" అని అడిగారు. ఇది కొలిచి తెలుసుకున్నారు. ఎందుకు అన్నది కర్ర చెప్పదు. భూమి ఒక పక్కకు ఒరిగి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పటానికి బంతి, దీపం పెట్టి నేనే చెప్పాలి. పుస్తకం కావాలి. క్షయ రోగం సూక్ష్మజీవి కంటికి కనబడదు, దానికీ పుస్తకం కావాలి. కరెంటు సంగతికొస్తే, టార్చిలైటు బ్యాటరీతో తప్ప గోడలో ప్లగ్గు జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. మీరూ చెప్పండి. నేను పుస్తకం వద్దనటం లేదు. కర్ర కొలిచిన పిల్ల ఆ పుస్తకాన్ని ఎందుకు తెరవాలో తెలుసుకుని తెరుస్తుంది.

"మాకు చదువు ఇప్పుడే వస్తోంది. మేమేం సాయం చేస్తాం?" అని మీరు అనవచ్చు. అక్కా, విత్తనాలు వేసే ముందు మీరు ఏం చేస్తారు? గుప్పెడు గింజలు తడి గోనెలో చుట్టిపెడతారు. లెక్కపెట్టి 100 గింజలు పెడితే ఎన్ని మొలిచాయో చూస్తారు. 90 మొలిస్తే మంచి విత్తనం. సగం మొలిస్తే షాపువాడి ముఖాన కొడతారు. అది పరీక్ష కాదా? పెరుగు తోడు పడకపోతే చలికి గిన్నె ఎక్కడ పెట్టాలో మీకు ఎవరు చెప్పారు? మీ పిల్లకు మీరు చేసేది చూపించండి. ఈసారి విత్తనం గోనె విప్పేటప్పుడు లెక్క పిల్లతో పెట్టించండి.

ఇంకో చిన్న మాట. పిల్ల ఏదన్నా అడిగితే, తెలిసినా వెంటనే చెప్పెయ్యకండి. "నువ్వేమనుకుంటున్నావు?" అని ఒకసారి అడగండి. వాళ్ళు వింతవింతగా చెబుతారు. నవ్వకండి. నవ్వితే రెండోసారి అడగరు. ముఖ్యంగా ఆడపిల్లలు. క్లాసులో నేను చూస్తున్నాను. మగపిల్లలు తప్పు చెప్పి కూడా మళ్ళీ చెయ్యి ఎత్తుతారు. ఆడపిల్ల ఒకసారి నవ్వులపాలైతే చెయ్యి దించేస్తుంది. సీసాలు, సూదులు, బ్యాటరీలు కూడా మొదట మగపిల్లలే లాక్కునేవాళ్ళు, ఆడపిల్లలు నోట్సు రాసేవాళ్ళు. ఇప్పుడు జట్టులో పని రోజుకొకరికి మారుస్తున్నాను. ఈ మార్పు కొంతమందికి నచ్చలేదు. నచ్చకపోయినా మార్చను.

మీకు చట్టంలో కూడా బలం ఉంది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. పిల్లలు చేసి, వెతికి, కనుక్కుని నేర్చుకోవాలని ఆ చట్టంలోనే రాశారు. పిల్లలను కొట్టకూడదని రాశారు. బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలని రాశారు. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే ఉండాలి. సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. మన బడి కమిటీలో ఉన్న అక్కలు ఇద్దరు ఇక్కడ ఉన్నారు. ఇంతకాలం రిజిస్టరు మీ దగ్గరికి వస్తే వేలిముద్ర వేసి పంపారు. ఇప్పుడు మీరు చదవగలరు. మీటింగులో పెట్టిన తీర్మానం ఏంటో చదవండి. చదివాకే సంతకం పెట్టండి. సైన్సు సామాను కోసం డబ్బు ఏమైనా వచ్చిందా, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది, ఈ నెల ఎన్నిసార్లు తెరిచారు, ఈ మూడూ అడగండి. నన్ను కూడా అడగండి.

మన బడిలో ఒక అట్టపెట్టె పెట్టాం. పిల్లలు ప్రశ్నలు రాసి అందులో వేస్తారు. సవాలీరామ్ లాంటిదే. నిన్న తెరిస్తే 14 చీటీలు ఉన్నాయి. కొన్ని చదువుతాను. "ఉల్లిపాయ కోస్తే అమ్మకు కన్నీళ్ళు వస్తాయి, నాకు దూరంగా నిలబడినా ఎందుకు వస్తాయి?" "బావిలో నీళ్ళు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఎందుకుంటాయి?" "మా గేదె నెమరు వేసేటప్పుడు దవడ ఒకే పక్కకు తిప్పుతుందా, రెండు పక్కలకూ తిప్పుతుందా?" ఈ చివరి దానికి జవాబు నాకు తెలియదు. ఆ పిల్లకు నోట్సు ఇచ్చి గేదె ముందు కూర్చోమన్నాను. మీ ఇళ్ళల్లో గేదెలున్నవాళ్ళు కూడా రేపు పాలు పితికేటప్పుడు చూడండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకు పిల్లలు బడి వరండాలో ఇవన్నీ చేసి చూపిస్తారు. చెప్పేది వాళ్ళే, నేను వెనక కూర్చుంటాను. మీరూ అడగండి. ఖాళీ గాజు సీసాలు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు, అయిపోయిన అగ్గిపెట్టెలు ఉంటే తెచ్చిపెట్టండి. సీసాలు మాత్రం బాగా కడిగి తెండి. పురుగుమందు సీసాలు అసలు తేవద్దు.